ఎవరింటికి వచ్చారు?

బయల్దేరే ముందు రోజు మా అత్త ఒక చీటీ ఇచ్చింది. దాని మీద ఒక లైను, అంటే ఇళ్ళ వరస పేరు, ఒక ఇంటి నంబరు రాసి ఉన్నాయి. "ఆ ఇల్లు ఇంకా ఉందో పడిపోయిందో చూసి ఒక ఫోటో తీసుకురండి, అంతే చాలు" అంది. ఆమె పుట్టింది ఆ ఇంట్లోనే. ఆమె నాన్న, అంటే మా తాత తమ్ముడు, కోలారు బంగారు గనుల్లో (కేజీఎఫ్) ముప్పై ఏళ్ళకు పైగా పనిచేశాడు. మా పలమనేరు వైపు పల్లెల్లో "మైన్స్‌కి పోయినాడు" అంటే చాలు, ఏ మైన్స్ అని ఎవరూ అడగరు.

పాడుబడిన కట్టడాలు చూడ్డానికి బైకు మీద తిరగడం నాకు పన్నెండేళ్ళ అలవాటు. కారులో పోతే మెయిన్ రోడ్డు దగ్గరే ఆగిపోతాం. బైకైతే సందులోకి పోతుంది, బండ్ల బాటలో పోతుంది. ఇంజన్ చప్పుడు విని పక్కనుంచి ఎవరో ఒకరు బయటికి వస్తారు. ఆ వచ్చిన మనిషే అసలు దారి చూపిస్తాడు. నేను పెట్టుకున్న పద్ధతులు కొన్ని ఉన్నాయి. తాళం ఉన్న తలుపు జోలికి పోను. మనిషి కనిపిస్తే అడక్కుండా లోపల కాలు పెట్టను. చెక్క మేడ ఎక్కను. పెంకు ముక్క కూడా జేబులో వేసుకోను.

ఈసారి మూడు చోట్లు అనుకున్నాం. గని మూతపడి ఖాళీ అయిన ఊరు, వారసులు ఎక్కువై తాళాలు పడిన ఇళ్ళు, ఒక్క రాత్రిలో సముద్రం తీసుకుపోయిన ఊరు. నాతో వచ్చింది అత్త కొడుకే, నాకు బావమరిది వరస. నాకంటే ఎనిమిదేళ్ళు చిన్నవాడు. బండి రిపేర్లలో నాకంటే నేర్పరి.

మొదటి రోజు: పలమనేరు నుంచి కేజీఎఫ్

తెల్లవారుజామున బయల్దేరి వి.కోట దాటాం. బేతమంగళం దగ్గర పాలారు మీద కట్టిన చెరువు కట్ట పక్కన ఆగాం. గనులకూ గనుల ఊళ్ళకూ ఒకప్పుడు నీళ్ళు వెళ్ళింది ఇక్కణ్ణుంచే. అక్కణ్ణుంచి కాస్త దూరం పోగానే దిబ్బలు కనిపించాయి.

కేజీఎఫ్‌కి కొత్తగా వచ్చేవాళ్ళు వాటిని కొండలనుకుంటారు. కొండలు కావు. గనిలోంచి తీసిన రాయిని పిండి చేసి, సైనైడ్ కలిపిన నీళ్ళతో బంగారం లాగేశాక మిగిలిన పొడి అది. నూటపాతికేళ్ళ పాటు పోసుకుంటూ వచ్చారు. 3 కోట్ల టన్నులకు పైగా ఉందని లెక్క. పైన చెట్టు లేదు, గడ్డి కూడా అక్కడక్కడే. వానలకు చాళ్ళు పడి, పక్కలు ముడతలు ముడతలుగా ఉన్నాయి. ఆషాఢం గాలి ఆ పొడిని లేపి రోడ్డు మీదికి తోస్తోంది. హెల్మెట్ అద్దం దించుకుని, ముక్కుకి తడిగుడ్డ కట్టుకున్నాం. వాటి మీదికెక్కి ఫోటోలు దిగేవాళ్ళు చాలామంది ఉంటారు. మేం ఎక్కలేదు. ఆ పొడి ఊపిరితిత్తుల్లోకి పోవడం మంచిది కాదు. పైగా రోజూ అదే పీలుస్తూ బతుకుతున్న జనం ఆ కిందే ఉన్నారు.

బండి ఆపి స్టాండు వేస్తే ఆ మెత్తటి మట్టిలోకి కూరుకుపోయి పక్కకు వాలింది. బావమరిది పరుగున వచ్చి పట్టుకున్నాడు. "బావా, చెక్కముక్క ఇంట్లోనే పెట్టి వచ్చినావా?" అన్నాడు. స్టాండు కింద పెట్టుకోవడానికి ఒక చదునైన చెక్క ఎప్పుడూ నా సంచిలో ఉంటుంది. ఈసారి మరిచిపోయాను. రోడ్డు పక్కన ఒక పలక రాయి ఏరుకున్నాం. అది చివరిదాకా మాతోనే తిరిగింది.

గనుల కాంపౌండ్లు అన్నిటికీ కాపలా ఉంది. ఇప్పటికీ అది భారత్ గోల్డ్ మైన్స్ అనే ప్రభుత్వ కంపెనీ ఆస్తే. గేటు దగ్గర ఉన్నాయన మర్యాదగానే చెప్పాడు, అనుమతి కాగితం లేకుండా లోపలికి వీల్లేదని. షాఫ్టుల, అంటే నిలువు గని బావుల మీది కప్పులు పాతవి, లోపలంతా నీళ్ళు నిండి ఉన్నాయి. వాదించే విషయం కాదది. బయటి రోడ్డు నుంచే చూశాం. షాఫ్టుల మీద మనుషుల్ని, రాయిని దించి ఎత్తే ఇనుప చట్రాలు, హెడ్‌గేర్లు, తుప్పు రంగులో ఆకాశానికి నిలబడి ఉన్నాయి. పైన చక్రాలు అలాగే ఉన్నాయి, తాళ్ళు లేవు.

1880లో జాన్ టేలర్ అండ్ సన్స్ అనే బ్రిటిష్ కంపెనీ వచ్చాక ఇక్కడ పెద్ద ఎత్తున తవ్వకం మొదలైంది. 1902లో కావేరి మీది శివనసముద్రం నుంచి సుమారు 150 కిలోమీటర్ల దూరం తీగలు లాగి ఈ గనులకు కరెంటు తెచ్చారు. బెంగళూరు వీధుల్లో దీపాలు వెలగడానికి మూడేళ్ళ ముందు మాట. దొరల బంగళాలు, క్లబ్బు, టెన్నిస్ కోర్టు ఇవన్నీ చూసి దీన్ని "లిటిల్ ఇంగ్లండ్" అనేవాళ్ళు. కొన్ని బంగళాల్లో ఇప్పుడు పైకప్పు లేదు. గోడల మధ్య తుమ్మ చెట్లు లేచాయి. పొగగొట్టాలు మాత్రం నిటారుగా ఉన్నాయి. చలి దేశం నుంచి వచ్చినవాళ్ళు ఇక్కడ కూడా ఇంట్లో నెగడు పెట్టుకున్నారన్నమాట.

నా మనసంతా చీటీ మీదే ఉంది. సాయంత్రం చాంపియన్ రీఫ్ గని వైపు లైన్లలోకి దిగాం. కూలీ లైన్లంటే పొడవాటి ఇళ్ళ వరసలు. ఒక్కో కుటుంబానికి ఒక గది, ముందు చిన్న వసారా. గోడ గోడకీ ఆనుకుని ఉంటుంది. మనిషి చేతులు బార చాపితే రెండు పక్కల ఇళ్ళూ తగిలేంత ఇరుకు సందులు కొన్నిచోట్ల. వరసలో సగం ఇళ్ళకు కప్పు లేదు. నంబర్లు చెరిగిపోయాయి. ముందు చక్రంతో సందులో మెల్లగా పోతుంటే ఒక పెద్దాయన గడపలోంచి లేచి, తమిళం కలిసిన తెలుగులో అడిగాడు.

"ఎవరింటికి వచ్చినారు నాయనా?"

ఆ ప్రశ్నకు నేను సిద్ధంగా లేను. ఖాళీ ఊరు చూడ్డానికి వచ్చామని ఆయనతో ఎట్లా అంటాం? బండి ఆపేసి చిన్నతాత పేరు చెప్పాను. ఆయనకు పేరు తెలియలేదు గాని నంబరు తెలిసింది. నడుచుకుంటూ మా ముందు పోయి చూపించాడు.

ఆ ఇల్లు పడిపోలేదు. తలుపుకు కొత్తగా ఆకుపచ్చ రంగు వేశారు. ముందు తీగ మీద బట్టలు ఆరేసున్నాయి. లోపల టీవీ మోగుతోంది. నిజం చెప్పాలంటే ఆ క్షణంలో నాకు కాస్త నిరాశగా అనిపించింది. నా కెమెరా విరిగిన గోడ కోసం తయారై వచ్చింది. ఒకటే ఫోటో తీసి, నమస్కారం పెట్టి వచ్చేశాం.

రెండో రోజు: కేజీఎఫ్‌లోనే

తెల్లారకముందే మారికుప్పం స్టేషన్‌కి పోయాం. ఇది ఆ రైలు మార్గంలో చివరి స్టేషన్. గనుల కోసమే 1890లలో వేసిన పట్టాలు. ప్లాట్‌ఫారం మీద చీకట్లో వందల మంది, చేతుల్లో క్యారేజీలు. బెంగళూరులో పని చేసి రాత్రికి తిరిగొచ్చేవాళ్ళు. గని మూతపడ్డాక ఈ ఊరు ఇట్లా బతుకుతోంది. తాతలు షిఫ్టుకు కేజ్‌లో, అంటే గని లిఫ్టులో, కిందికి దిగారు, మనవలు షిఫ్టుకు రైలెక్కుతున్నారు.

నిన్నటి పెద్దాయన పొద్దున రమ్మన్నాడు. గిఫర్డ్ షాఫ్ట్ కనిపించే చోట ఒక చెట్టు కింద కూర్చున్నాం. చాంపియన్ రీఫ్ గని 3 కిలోమీటర్లకు పైగా లోతు. ప్రపంచంలోని లోతైన గనుల్లో ఒకటి. ఒక్క కేజ్‌లో అంత కిందికి పోలేరు. ఒక షాఫ్టు దిగి, సొరంగంలో నడిచి, ఇంకో షాఫ్టు దిగాలి. అడుగున రాయి చెయ్యి పెట్టలేనంత వేడి. చల్లగాలి పంపే ప్లాంటు ఉన్నా ఒళ్ళంతా చెమటే.

"పైకి వచ్చినాక ఏం చేసేవాళ్ళు?" అని అడిగాడు బావమరిది.

"కాసేపు ఊరికే నిలబడేవాళ్ళం. గాలి తగిలేది కదా" అన్నాడు.

రాక్ బర్స్ట్ గురించి కూడా ఆయనే చెప్పాడు. ఎంత తవ్వితే రాయి మీద అంత బరువు పడుతుంది. ఒకచోట అది తట్టుకోలేక పేలినట్టు పగులుతుంది. కింద అది జరిగితే పైన ఇళ్ళల్లో గిన్నెలు అదిరేవి. ఆ అదురు రాగానే లైన్లలో ఆడవాళ్ళంతా ఇళ్ళలోంచి బయటికి వచ్చి షాఫ్టు వైపు చూస్తూ నిలబడేవాళ్ళట. ఎవరి మనిషో తెలిసేదాకా ఎవరూ లోపలికి పోయేవాళ్ళు కాదట. మా అత్త చిన్నప్పుడు అట్లా నిలబడిన సంగతి ఇంట్లో ఎప్పుడూ చెప్పలేదు. బావమరిది తల వంచుకుని విన్నాడు. వాళ్ళ అమ్మ కథ వాడికి అక్కడ మొదటిసారి తెలిసింది.

ఆ లోతుకు ఇంకో ఉపయోగం కూడా ఉండేది. భూమి పైపొరలు అడ్డు నిలిస్తే మామూలు కాస్మిక్ కిరణాలు కిందికి రాలేవు. అందుకని ముంబై టాటా ఇన్‌స్టిట్యూట్ శాస్త్రవేత్తలు, జపాన్, ఇంగ్లండ్ వాళ్ళతో కలిసి ఇక్కడ 2 కిలోమీటర్లకు పైగా లోతులో పరికరాలు పెట్టారు. 1965లో వాతావరణంలో పుట్టి, రాయిని కూడా దాటి వచ్చే న్యూట్రినోలనే అతి సూక్ష్మ కణాల జాడ ప్రపంచంలో మొదట దొరికిన చోట్లలో ఇది ఒకటి. ఇప్పుడు ఆ గదులన్నీ నీళ్ళ కింద ఉన్నాయి. పంపులు ఆపేస్తే గనిలోకి నీళ్ళు ఎక్కుతాయి, ఇక దాన్ని ఆపేది లేదు.

2001 ఫిబ్రవరి 28న గనులు మూతపడ్డాయి. అంతవరకు 800 టన్నులకు పైగా బంగారం బయటికి వచ్చింది. మొదట్లో టన్ను రాయికి నలభై గ్రాములకు పైగా దొరికితే చివరికి మూడు నాలుగు గ్రాములకు పడిపోయింది. తీసే ఖర్చు అమ్మే ధరను దాటిపోయింది. ఒక దశలో 30 వేల మందికి పైగా పనిచేసిన చోట చివరి రోజున మిగిలింది మూడు వేల పైచిలుకు. పెద్దాయన అందులో ఒకడు. "కాగితం గోడకు అంటించినారు. అంతే. రాయి పడి పోయింటే ఏడ్చేవాళ్ళం, కాగితానికి ఎట్లా ఏడవాల?" అన్నాడు. ఈ మాట నాకు చాలా రోజులు గుర్తుంటుంది.

తిరిగి వచ్చేటప్పుడు నా వెనక టైరు కూర్చుంది. రేకుల ఇంటి మేకు, బొటనవేలంత. పాడుబడిన చోట్ల తిరిగేవాళ్ళకు మేకులే అసలు శత్రువులు. కప్పు కుళ్ళి రేకు కిందపడితే దాని మేకులు గడ్డిలో పైకి చూస్తుంటాయి. బైకు పంచరు అతుక్కుంటుంది. కాలికైతే మాట వేరు. అందుకే మందపాటి అడుగు ఉన్న బూట్లు లేకుండా నేను దిగను, ధనుర్వాతం సూది కూడా వేయించుకునే వెళ్తాను. బావమరిది ట్యూబు తీసి, ప్యాచీ వేసి, చేతిపంపుతో గాలి కొట్టడానికి నలభై నిమిషాలు పట్టింది. ఆ సేపంతా నలుగురు పిల్లలు చుట్టూ కూర్చుని ప్రతి పనిముట్టు పేరూ అడిగారు.

మూడో రోజు: దాదాపు 400 కిలోమీటర్లు

కుప్పం, కృష్ణగిరి, సేలం, నామక్కల్, తిరుచ్చి, పుదుక్కోట. కుప్పానికి ముందు బిసనత్తం గని వైపు ఒకసారి చూశాం. మన చిత్తూరు జిల్లా బంగారం అది. కేజీఎఫ్ మూతపడ్డప్పుడే అదీ మూతపడింది. ఆ తర్వాత చెప్పడానికేం లేదు, నాలుగు వరసల రోడ్డు, ఎండ, ఎదురుగాలి. గంటకోసారి ఆగి నడుం చాపుకున్నాం. కారైకుడి చేరేసరికి రాత్రి ఎనిమిదైంది.

నాలుగో రోజు: కానాడుకాత్తాన్

కారైకుడి దగ్గరి ఈ చెట్టినాడు ఊరి వీధులు నాకు అర్థం కావడానికి సమయం పట్టింది. వీధులు గీత గీసినట్టు తిన్నగా ఉన్నాయి. రెండు పక్కలా రాజమహళ్ళలాంటి ఇళ్ళు. నడిచే మనిషి లేడు. ఒక మేక వీధి మధ్యలో పడుకుని ఉంది, మా బండ్ల చప్పుడుకు కూడా లేవలేదు.

నాట్టుకోట్టై చెట్టియార్లు అనే వ్యాపార కులంవాళ్ళు బర్మా, సిలోను, మలయాలలో వడ్డీ వ్యాపారం చేసి సంపాదించిన డబ్బుతో ఈ డెబ్బైకి పైగా ఊళ్ళలో వేల ఇళ్ళు కట్టుకున్నారు. బర్మా టేకు, ఇటలీ పాలరాయి, బెల్జియం అద్దాలు, దగ్గరి ఊరు ఆత్తంగుడి నేల పలకలు. ముందు తలుపు ఒక వీధిలో ఉంటే వెనక తలుపు ఇంకో వీధిలో ఉంటుంది. పాత రేవు పట్టణం పూంపుహార్‌లో సముద్రం మీదికొస్తే పారిపోయి ఈ మెట్ట ప్రాంతానికి వచ్చామని, అందుకే అరుగులు ఇంత ఎత్తున కడతామని వాళ్ళలో చెప్పుకుంటారు. నీటికి భయపడి వచ్చినవాళ్ళే మళ్ళీ ఓడలెక్కి రంగూన్ పోయి కోట్లు గడించారు. బర్మా దిగువ ప్రాంతంలో సాగుభూమి నాలుగో వంతు దాకా వాళ్ళ చేతికొచ్చింది. 1942లో జపాను సైన్యం వచ్చేసరికి అంతా వదిలేసి రావలసి వచ్చింది. యుద్ధం అయ్యాక ఆ భూములు జాతీయమైపోయాయి.

ఒక ఇంటి ముందు అరుగు మీద ఒకామె కూరగాయలు తరుగుతోంది. బండి దూరంగా ఆపి, నడుచుకుంటూ వెళ్ళి, "అక్కా, లోపల చూడొచ్చా?" అని తమిళంలో అడిగాను. "ఎవరింటికి?" అంది ఆమె కూడా. నేను నవ్వాను, కేజీఎఫ్ పెద్దాయన గుర్తొచ్చి. ఆమెకు ఎందుకో తెలియలేదు గాని కత్తిపీట పక్కన పెట్టి లేచింది. ఆ ఇంటి తాళాలు ముప్పై ఏళ్ళుగా ఆమె దగ్గరే ఉన్నాయట. ఆమె తల్లి కూడా ఆ ఇంట్లోనే పనిచేసింది.

లోపల మొదట పెద్ద చావడి, తర్వాత ఆకాశం కనిపించే మండువా, చుట్టూ టేకు స్తంభాలు. మండువా చుట్టూ వరసగా చిన్న గదులు. పెళ్ళైన ఒక్కో కొడుకుకీ ఒక్కో గది. నిద్రకు చోటు కాదు అది, సామాను దాచుకునే చోటు. పడుకునేది, తినేది అందరూ కలిసి బయట వసారాల్లోనే. ఒక తరంలో ఐదు గదులకు ఐదుగురు. తర్వాతి తరానికి ఇరవై. ఇప్పుడు ఈ ఇంటికి ఎంతమంది వారసులని అడిగితే ఆమె చేతులు తిప్పి "అరవైకి తక్కువుండరు" అంది. అమ్మాలంటే అందరూ సంతకం పెట్టాలి. బాగు చేయించాలంటే అందరూ డబ్బివ్వాలి. అందుకే ఎవరూ ఏదీ చేయరు. ఇంట్లో పెళ్ళి వస్తే మాత్రం చెన్నై నుంచి, సింగపూర్ నుంచి అందరూ దిగుతారు. మూడు రోజులు ఇల్లు నిండిపోతుంది. నాలుగో రోజు ఆమె మళ్ళీ తాళం వేస్తుంది.

గోడ మీద చెయ్యి పెట్టమంది. సున్నం, సన్నటి ఇసుక, కోడిగుడ్డు తెల్లసొన కలిపి పొర మీద పొర వేసి, రాయితో రుద్ది నునుపు చేసిన పూత. నూరేళ్ళ గోడ చేతికి చల్లగా, గాజులా తగిలింది. మేడ మీద కప్పు ఒక మూల కారుతోంది, కింద ఆ పూత ఉబ్బి పెచ్చులు ఊడింది. కట్టడాలు చూసే అలవాటున్నవాళ్ళకు ఇది తెలుసు. ఇల్లు గోడల దగ్గర చావదు, కప్పు దగ్గర చస్తుంది. ఒక పెంకు జారి, దాన్ని ఎవరూ సరిచెయ్యకపోతే పదేళ్ళలో దూలం పోతుంది. దూలం పోతే గోడకు పట్టు పోతుంది. ఈ ఇంటికి పెంకులు ఎవరు సర్దుతున్నారని అడిగాను. "నా కొడుకే. నిచ్చెన వేసుకుని ఎక్కుతాడు" అంది. వారసులు అరవై మంది. పెంకు సర్దేవాడు మాత్రం వారసుడు కాదు.

మండువాలోకి వాన నీళ్ళు పడి, రాతి కాలువల గుండా బావిలోకి పోయే ఏర్పాటు ఇంకా పనిచేస్తోంది. ఆ బావి నీళ్ళే ఇచ్చింది తాగడానికి.

ఐదో రోజు: కారైకుడి నుంచి రామేశ్వరం

పొద్దున కారైకుడిలో పాత సామాన్ల వీధికి వెళ్ళాం. వెళ్ళకుండా ఉంటే బాగుండేది. గోడకు వరసగా ఆనించిన తలుపులు, ద్వారబంధాలు, టేకు స్తంభాలు, ఎనామిల్ పళ్ళేలు, ఎవరెవరి పూర్వీకులవో పెళ్ళి ఫోటోలు. నిన్న చూసిన ఇల్లు ఎప్పుడైనా కూలితే దాని ముక్కలు వచ్చేది ఇక్కడికే. ఆత్మీయంగా చెక్కిన గజలక్ష్మి ఉన్న ద్వారబంధం ఒకటి నేల మీద పడుకోబెట్టి ఉంది, గడప మీద పసుపు మరక ఇంకా అంటుకునే ఉంది. బావమరిది దాని మీద కాలు పడకుండా పక్కనుంచి నడిచాడు. నాకు ఫోటో తీయబుద్ధి కాలేదు.

మధ్యాహ్నం రామనాథపురం మీదుగా పాంబన్. అక్కణ్ణుంచి రామేశ్వరం దీవిలోకి పోయే రోడ్డు వంతెన మీద గాలి బండిని పక్కకు తోసేస్తోంది. ఇద్దరం ముప్పై స్పీడుకు తగ్గించి, ట్యాంకును మోకాళ్ళతో గట్టిగా పట్టుకుని దాటాం. ఎడమ పక్క రైలు వంతెన. 1914లో తెరిచిన పాత వంతెన మీద 2022 చివర్లో రైళ్ళు ఆపేశారు. పక్కనే 2025 ఏప్రిల్ 6న కొత్తది ప్రారంభమైంది, మధ్యలో భాగం నిలువుగా పైకి లేచేది. మేం దాటుతుండగా కొత్త వంతెన మీద ఒక రైలు వెళ్ళింది.

ఆరో రోజు: ధనుష్కోడి

రామేశ్వరం నుంచి సుమారు 20 కిలోమీటర్లు. నేల చివరి కొన అరిచల్‌మునై దాకా తారు రోడ్డు 2017లో వచ్చింది. అంతకు ముందు ఇసుకలో వ్యాన్లలోనే పోవాలి. ఎడమ పక్క పాక్ జలసంధి చెరువులా నిశ్చలంగా ఉంది. కుడి పక్క మన్నార్ సింధుశాఖ పెద్ద పెద్ద అలలతో రోడ్డు గట్టును కొడుతోంది. ఇక్కడివాళ్ళు ఒకదాన్ని ఆడ సముద్రం అని, ఇంకోదాన్ని మగ సముద్రం అని అంటారు. ఇసుక రోడ్డుకు అడ్డంగా పాములా పాకుతోంది. ఇసుక మేటలు తగిలినప్పుడు బ్రేకు ముట్టుకోకూడదు. గేరు తగ్గించి, హ్యాండిల్‌ని వదులుగా పట్టుకుని, బండిని దాని దారిన పోనివ్వాలి. టైర్లలో గాలి కాస్త తగ్గించుకున్నాం.

ఒకప్పుడు ఇది చివరి ఊరు కాదు, మధ్యలో మజిలీ. 1914 నుంచి మద్రాసులో బోట్ మెయిల్ ఎక్కినవాళ్ళు ఇక్కడ దిగి, స్టీమరెక్కి, 35 కిలోమీటర్ల దూరంలోని తలైమన్నార్ చేరి, అక్కడ మళ్ళీ రైలెక్కి కొలంబో పోయేవాళ్ళు. స్టేషను, కస్టమ్స్ ఆఫీసు, పోస్టాఫీసు, బడి, చర్చి, సత్రాలు అన్నీ ఉండేవి.

1964 డిసెంబర్ 22 రాత్రి తుపాను వచ్చింది. పాంబన్‌లో అర్ధరాత్రికి ఐదు నిమిషాల ముందు బయల్దేరిన ప్యాసింజరు, ధనుష్కోడికి కొద్ది దూరంలో సిగ్నల్ లేక ఆగింది. సిగ్నల్ ఎంతకీ రాకపోయేసరికి డ్రైవరు గట్టిగా విజిల్ వేసి, మెల్లగా ముందుకు కదిలించాడు. అప్పుడొచ్చిన కెరటం ఆరు బోగీలనూ తీసుకుపోయింది. అధికారిక లెక్క ప్రకారం రైల్లో ఉన్న 115 మందీ పోయారు. పాంబన్ వంతెన దూలాలు చాలావరకు కొట్టుకుపోయాయి. అప్పటికి కుర్రవాడైన ఇంజనీరు ఇ. శ్రీధరన్ ఆధ్వర్యంలో దాన్ని 46 రోజుల్లో నిలబెట్టారు. ధనుష్కోడిని మాత్రం ఎవరూ తిరిగి కట్టలేదు. మనుషులు ఉండడానికి తగదని ప్రభుత్వం ప్రకటించింది.

చర్చి గోడల దగ్గర చాలాసేపు ఉన్నాను. ఇటుక కాదు, సముద్రంలోంచి తీసిన పగడపు రాయి. దగ్గరగా చూస్తే ప్రతి రాయిలోనూ పూల లాంటి, మెదడు మడతల లాంటి ఆకారాలు. బతికిన పగడాలవి. సముద్రం ఇచ్చిన రాయితో కట్టారు, సముద్రమే ఉప్పుగాలితో ఏటికేడు కొద్దికొద్దిగా వెనక్కి తీసుకుంటోంది. బలిపీఠం వెనక గోడ మీద సందర్శకులు పేర్లు చెక్కారు. మేకుతో చెక్కిన ఒక్క గీత ఉప్పుగాలికి తలుపు తీసినట్టే. కోపం వచ్చింది నాకు. ఆ రాయిని వేళ్ళతో తడిమితే పొడి రాలుతోంది. అందుకని తడమడం మానేశాను.

స్టేషను దగ్గర నీళ్ళ ట్యాంకు మిగులు, కొన్ని గోడలు, అంతే. పట్టాల జాడ లేదు. ఒక పక్క గోడకు ఆనించి తాటాకు గుడిసె, దాని ముందు వలలు ఆరేసి ఉన్నాయి. ఉండడానికి తగదన్న ఊళ్ళోనే మత్స్యకారుల కుటుంబాలు ఉంటున్నాయి.

చర్చి వెనకాల ఇసుకలో ఒకామె గుంత ముందు కూర్చుని ఉంది. మోకాలి లోతు గుంత. అడుగున ఊరుతున్న నీళ్ళను కొబ్బరి చిప్పతో ఎత్తి బిందెలో పోస్తోంది. రెండు పక్కలా సముద్రం, మధ్యలో ఇసుక, ఆ ఇసుకలో మంచినీళ్ళు. వాన నీరు ఇసుకలో ఇంకి, బరువైన ఉప్పునీటి మీద తేలుతూ నిలుస్తుంది. లోతుగా తవ్వితే ఉప్పు తగులుతుంది. అందుకే ఇంతే తవ్వాలి, ఇట్లా చిప్పతోనే తోడాలి.

ఈసారి నేనే అడిగాను. "మీ ఇల్లెక్కడమ్మా?"

ఆమె చిప్ప పట్టుకున్న చేత్తో మన్నార్ వైపు అలల్లోకి చూపించింది. వాళ్ళ అత్తగారి ఇల్లు అక్కడ ఉండేదట. తర్వాత గుడిసె వైపు చూపించి "ఇప్పుడు ఇది" అంది.

బావమరిది నా వెనక నిలబడి, బండి గొలుసుకు పట్టిన ఉప్పు కడగడానికి సీసాలో నీళ్ళు పట్టుకుందామా అన్నాడు. వాడు తెలుగులో అన్నా, చెయ్యి చూపిన తీరు చూసి ఆమెకు అర్థమైంది. తల అడ్డంగా ఊపింది. "తాగడానికైతే పట్టుకోండి" అంది. ఇద్దరం ఇసుకలో మోకాళ్ళ మీద కూర్చున్నాం. ఆమె చిప్పతో మా దోసిళ్ళలో పోసింది. తియ్యగా ఉన్నాయి.

చీకటి పడేలోపు చెక్‌పోస్టు దాటాలి. గొలుసును రామేశ్వరంలో లాడ్జి వెనక కుళాయి కింద కడిగాం.

ఎనిమిదో రోజు: పలమనేరు

ఏడో రోజు దిండుక్కల్‌లో ఆగి, ఎనిమిదో రోజు రాత్రికి ఇల్లు చేరాం. స్నానాలు కాకముందే అత్త కళ్ళద్దాలు పెట్టుకుని ఎదురుగా కూర్చుంది. హెడ్‌గేర్లు, బంగళాలు, మండువా, చర్చి అన్నీ తిప్పేసింది. లైను ఇంటి ఫోటో దగ్గర ఆగింది. నేను సంజాయిషీ చెప్పబోయాను, అది పడిపోలేదని, వేరేవాళ్ళు ఉన్నారని, అందుకే లోపలికి పోలేదని.

ఆమె వినడం లేదు. రెండు వేళ్ళతో ఫోటోను పెద్దది చేస్తోంది. తలుపు దాటింది, కిటికీ దాటింది, తీగ మీద ఆరేసిన బట్టల దగ్గర ఆపింది.

"చిన్న గౌను ఆరేసినారు చూడు" అంది. "ఆ తీగకు కొక్కెం మా నాయన కొట్టిందే."